ఇంటి సాళ్ళు

చిల్లకల్లు అడ్డరోడ్డు దగ్గర, హైవే మీద వచ్చేపోయే లారీలన్నిటికీ కనపడేట్టు, మా కమలక్క ఫొటో ఉండేది. ఫొటో అంటే గోడకి తగిలించుకునేది కాదు. తాటిచెట్టంత ఎత్తున ఇనపకమ్మీల మీద నిలబెట్టిన హోర్డింగు. అందులో కమలక్క ఎర్రచీర కట్టుకుని, వెనకాల కళ్ళం నిండా ఎండుమిరప పోసి ఉండగా, అన్నం కంచం ముందుకు చాపి నవ్వుతూ ఉంటుంది. కంచంలో తెల్లటి అన్నం, పక్కన ఎర్రటి పచ్చడి. కింద గజమెత్తు అక్షరాలు: ‘మేం తినే మిరపే... మీరూ తినండి!’

దాన్ని పెట్టించింది మిరప వినియోగ ప్రోత్సాహక సంస్థ. పేరులోనే ఉంది కదా, జనం చేత మిరప తినిపించడం వాళ్ళ ఉద్యోగం. ఎక్కడ తినిపించాలి? జగ్గయ్యపేటలో, నందిగామలో! పొద్దున ఇడ్లీలోకి కారప్పొడి, మధ్యాహ్నం పండుమిరప పచ్చడి, సాయంత్రం మిరపకాయ బజ్జీ తిని, రాత్రి మజ్జిగన్నంలోకి ఊరమిరపకాయ వెతుక్కునే మనుషులకి, బాబూ కాస్త కారం తినండి అని నచ్చజెప్పడానికి నందిగామలో మేడ మీద ఓ ఆఫీసు, ఆఫీసులో ఏసీ, ఏసీ కింద నలుగురు మనుషులు. రైతు యార్డులో అమ్మే ప్రతి బస్తా మీదా ఇంతని కోసుకుని ఆ ఏసీ నడిపేవాళ్ళు. రైతుకి ఆ సంగతి తెలీదు. తెలిసినా ఏం చేస్తాడు, ఉన్న కోతల్లో ఇదో కోత అనుకుంటాడు.

నా పేరు నాసర్. పేటలో జీపు తోలతాను. ఆ ఆఫీసువాళ్ళు ఊళ్ళు తిరగాల్సి వచ్చినప్పుడల్లా నా జీపే మాట్లాడుకునేవాళ్ళు. కమలక్కది వత్సవాయి దాటి లోపలికెళితే వచ్చే ఊరు. పూర్తి పేరు కమలాకుమారి. మొగుడు ప్రేమదాసు, అత్త లూర్దమ్మ, ఇద్దరు పిల్లలు, కౌలుకి తీసుకున్న మిరపచేను. మా నాన్న ఆ ఊరి బస్తాలు తోలిన రోజుల నుంచీ ఆ ఇంటివాళ్ళతో వరసలు కలిపే పిలుచుకుంటాం. ఆవిడ నాకు అక్క, ప్రేమదాసు బావ, లూర్దమ్మ పెద్దమ్మ. ఏటా మా ఇంట్లోకి కావాల్సిన బస్తా మిరపకాయ వాళ్ళ దగ్గర్నుంచే వస్తుంది. మా ఆవిడ షాజాది దాని మూతైనా విప్పకుండా మరకి పంపి, ఆడించిన కారం జాడీలకెత్తి, ఇంటికొచ్చిన వాళ్ళందరికీ “మాది బజారు కారం కాదు, మనవాళ్ళది” అని చెప్పుకుని మురిసిపోయేది. నేనూ మురిసిపోయేవాణ్ణే.

ఆ ఊళ్ళో ప్రతి చేలోనూ ఓ మూల నాలుగైదు ఇంటి సాళ్ళుంటాయి. అంటే ఇంట్లోకి వాడుకునే మిరప. వాటి మీద మందు పడనివ్వరు. మిగతా చేనంతా పంపు భుజానేసుకుని తడిసి ముద్దయ్యేట్టు కొడతారు గానీ, కొట్టే ముందు ఆడవాళ్ళొచ్చి ఆ నాలుగు సాళ్ళ మీదా పాత చీరలు కప్పి, గాలికి లేవకుండా మట్టిగడ్డలు పెట్టి పోతారు. పురుగు తిన్నంత తినగా మిగిలిందే వాళ్ళ ఇంటి కారం. కమలక్క సాళ్ళలో విత్తనం లూర్దమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న నాటు మిరప. కాయ పొట్టిగా, వంకరగా, ముసలిదాని వేలులాగా ఉంటుంది. యార్డుకి తీసుకెళితే నవ్వుతారు. తింటే మాత్రం చెవుల్లోంచి ఆవిర్లొస్తాయి, అయినా ఇంకో ముద్ద కలుపుకుంటాం.

ఇదంతా నాకు తెలుసు. తెలుసు కాబట్టే నాకు నవ్వొచ్చేది. ఎందుకంటే ఆ హోర్డింగు మీద కమలక్క కంచంలో ఉన్న పచ్చడి ఇంటి సాళ్ళది. వెనకాల కళ్ళంలో ఉన్న మిరప చేలోది. ఫొటో తీసినవాడికి రెండూ ఎర్రగానే కనపడ్డాయి. అన్నం పెట్టమంటే అక్క ఇంట్లో ఉన్న పచ్చడి పెట్టుకుంది, పాపం, అందులో ఆవిడ తప్పేం లేదు.

ఆ ఏడు ఎవరి మిరపో ఓడెక్కి పరాయిదేశం వెళ్ళి, అక్కడ పరీక్ష తప్పి, తిరుగు ఓడెక్కి వచ్చిందట. దాంతో పైవాళ్ళు ఉలిక్కిపడి లేచారు. ప్రోత్సాహక సంస్థ సరిగ్గా ప్రోత్సహిస్తోందో లేదో చూడ్డానికి ఓ పర్యవేక్షక సంఘం వేశారు. ఆ సంఘం సరిగ్గా చూస్తోందో లేదో చూసేవాళ్ళు ఢిల్లీలో ఉంటారని జీపులో వాళ్ళు మాట్లాడుకుంటుంటే విన్నాను. అందరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకోవడమే, చేను వంక చూసేవాడు మాత్రం ఎవడూ లేడు.

పర్యవేక్షకుడిగా హైదరాబాదు నుంచి వచ్చినాయన పేరు ఆత్రేయ. ఇంకా నలభై దాటలేదు. మా రోడ్ల మీద కూడా ఇస్త్రీ నలగని చొక్కా. మంచి మనిషి, అదే తంటా. లంచం అడిగేవాడైతే ఓ కోడినో, బుట్టెడు మామిడికాయలో ఇచ్చి సాగనంపేవాళ్ళం. ఈయన నిజం అడుగుతాడు. పక్కన నందిగామ ఆఫీసు ప్రచారాధికారి భవానీప్రసాద్. ఆ హోర్డింగు ఆయన కన్నబిడ్డ. ఎప్పుడు చిల్లకల్లు దాటినా జీపులోంచి తల బయటపెట్టి దాన్ని చూసుకుని గానీ లోపలికి తీసుకునేవాడు కాదు.

మొదటిసారి జనవరి చివర వచ్చారు. ఆ పొద్దున్నే మందు కొట్టారేమో, బోరు పక్కన సాళ్ళ మీద చీరలింకా తియ్యలేదు. ఆత్రేయ గారి కన్ను సరిగ్గా వాటి మీదే పడింది.

“అవేంటి?”

“ఆడవాళ్ళు బట్టలారేసుకున్నారు సార్,” అన్నాడు భవానీప్రసాద్.

“మొక్కల మీదా?”

“చేలో అయితే ఎండ బాగా తగులుతుంది సార్.”

నేను జీపు చాటుకెళ్ళి నవ్వుకున్నాను. కమలక్క కొంగు నోటికడ్డం పెట్టుకుని ఇంట్లోకి పోయింది.

మధ్యాహ్నం భోజనాలు పెట్టారు. కోడికూర, పప్పుచారు, పండుమిరప పచ్చడి. ఆత్రేయ గారు మొదటి ముద్దకే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, రెండో ముద్దకి ముక్కు తుడుచుకున్నాడు, మూడో ముద్దకి పచ్చడి గిన్నె తన వైపు లాక్కున్నాడు. “అమ్మా, ఇంత రుచైన కారం నేను జన్మలో తినలేదు,” అన్నాడు. “అదే సార్ మన ప్రోగ్రాం మిరప!” అని భవానీప్రసాద్ తనే నూరి పెట్టినట్టు పొంగిపోయాడు. చెయ్యి కడుక్కున్నాక ఆత్రేయ గారు రెండు ప్లాస్టిక్ కవర్లు తీశాడు. ఒక దాంట్లో వంటింటి జాడీలోంచి కారం, రెండో దాంట్లో కళ్ళంలోంచి గుప్పెడు కాయ వేయించుకుని సీలేశాడు. హోర్డింగులో రాసింది నిజమో కాదో చూడాలన్నాడు.

“చూడండి సార్, చూడండి,” అన్నాడు భవానీప్రసాద్. ఆయన పేటలో పుట్టి పెరిగినవాడు, చేలో పుట్టినవాడు కాదు. చీరల సంగతి ఆయనకి నిజంగానే తెలీదు.

మూడు వారాలకి మళ్ళీ వచ్చారు. ఈసారి ఆత్రేయ గారు భోజనం వద్దన్నాడు. ఇంటి ముందు మంచమ్మీద కూర్చుని ఓ కాగితం తీశాడు. చుట్టూ మేమందరం నిలబడ్డాం.

“అమ్మా, మీ జాడీలో కారానికీ మీ కళ్ళంలో కాయకీ ఎక్కడా పొంతన లేదు. జాడీలో దాంట్లో ఏ మందూ లేదు. కళ్ళంలో దాంట్లో మాత్రం...” అని పేర్లు చదవడం మొదలుపెట్టాడు. ఒక్కో పేరూ గూడ్సు బండంత పొడుగుంది. ఆయన చదువుతుంటే ప్రేమదాసు బడిలో హాజరు పలుకుతున్నట్టు తలూపుతూ ఒక్కోదానికీ సమాధానం చెప్పాడు.

“ఆ, అది ఆకుముడతక్కొట్టామండీ. అదీ కొట్టాం, కాయ తొలుస్తుంటే. అది రంగు రావడానికండీ. ఇంకోటేదో అన్నారు, మళ్ళీ చదవండి... ఆ, అదా! అది షాపాయన కొత్తగా వచ్చింది కొట్టి చూడమన్నాడండీ.”

“మరి వంటింట్లో దాంట్లో ఎందుకు లేదు?”

భవానీప్రసాద్ మొహం మాడిపోతోంది. అరుగు మీద కూర్చున్న లూర్దమ్మ మా మొహాలు ఒక్కొక్కటే చూసింది. అడిగిన దాంట్లో అంత కష్టమేముందని ఆవిడే అందుకుంది.

“ఎందుకుంటది నాయనా? తినేది వేరు, అమ్మేది వేరు.”

“అంటే?”

“ఆ మందులన్నీ కొట్టింది ఎవరన్నా తింటారా? మేవేం పిచ్చోళ్ళవా?”

ఆవిడ గొంతులో దాపరికం ఏ కోశానా లేదు. బియ్యంలో రాళ్ళేరుకుని తింటామని చెప్పినట్టే చెప్పింది. పైగా రా నాయనా చూపిస్తానని ఆయన చెయ్యి పట్టుకుని బోరు దగ్గరికి తీసుకెళ్ళి, చీరలు ఎలా కప్పుతారో, గాలి ఎటు నుంచి వస్తే ఏ అంచుకి గడ్డలు పెట్టాలో, మొత్తం విడమరిచి చెప్పింది. అంత బాగా కప్పుతుంది మరి, ఎవరికైనా చెప్పుకోవాలనే ఉంటుంది. భవానీప్రసాద్ వెనకాల నిలబడి “పెద్దావిడండీ, మతి కాస్త...” అన్నాడు. “నా మతికేవైంది? నీకు లేదేమో చూస్కో!” అంది లూర్దమ్మ.

ఆత్రేయ గారు చాలాసేపు ఆలోచించాడు. ఆలోచించి, జీపు బానెట్టు మీద కాగితం పరుచుకుని చెప్పాడు.

“మా సంఘం పని ఒక్కటే. ప్రచారంలో చెప్పింది నిజమై ఉండాలి. మేం తినే మిరపే మీరూ తినండి అన్నారు. కానీ మీరు తినేది అది కాదు. అంటే ప్రకటన అబద్ధం.”

“మందులు కొట్టడం మానిపిస్తే సరి కదండీ,” అన్నాను. ఊరుకోలేక నోరు జారాను.

“అది వ్యవసాయ శాఖ చూస్తుంది. మా పరిధి కాదు.”

“పోనీ హోర్డింగు తీసేస్తే?” అంది కమలక్క.

భవానీప్రసాద్ కన్నకొడుకుని అమ్మెయ్యమన్నట్టు చూశాడు. “అద్దె ముందే కట్టేశాం సార్! తీసేస్తే ఆడిట్‌లో నన్ను ఉతికి ఆరేస్తారు!”

“మరి మిగిలింది ఒకటే దారి,” అన్నాడు ఆత్రేయ గారు. “ప్రకటనని నిజం చెయ్యాలి. ఇక నుంచి మీ ఇంట్లో కూడా కళ్ళంలో కాయే వాడండి. ఈ నాలుగు సాళ్ళూ పీకెయ్యండి.”

ఆ మాట ఆయన కోపంగా అనలేదు. ఎంతో దయగా, లెక్క తేలిపోయిన మేష్టారులా అన్నాడు. భవానీప్రసాద్ గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. నేను మాత్రం పీల్చిన ఊపిరి వదల్లేకపోయాను. విషం ఉందని కాగితం మీద చూపించి, అందుకని మీరు కూడా అదే తినండని చెప్పే మనిషిని అంతవరకూ చూడలేదు.

“మా పిల్లలు తినేదండీ అది,” అంది కమలక్క.

“పిల్లలకి కారం తగ్గించడం మంచిదేనమ్మా,” అన్నాడు మిరప వినియోగ ప్రచారాధికారి.

వినకపోతే సంస్థ ప్రోగ్రాంలోంచి పేరు తీసేస్తామని, ప్రోగ్రాం రైతులకి కళ్ళం మీద కప్పుకోవడానికి ఇచ్చిన టార్పాలిన్ పట్టాలు వెనక్కి తీసుకుంటామని చెప్పారు. కళ్ళం నిండా కాయ ఎండుతోంది. సాయంత్రమైతే మబ్బేస్తోంది. పట్టాలు లేని కళ్ళం మీద ఒక్క వాన పడితే ఏడాది కష్టం బూజుపట్టి తాలుకాయ అవుతుంది. ఆ సంగతి వాళ్ళకీ తెలుసు, ప్రేమదాసుకీ తెలుసు. మార్చిలో ఫొటోగ్రాఫరుతో సహా వస్తామని, వాళ్ళ ఎదురుగా సాళ్ళు పీకాలని చెప్పి వెళ్ళారు.

మధ్యలో ఓ రోజు వత్సవాయికి బాడుగ ఉంటే, అట్నుంచి అక్క వాళ్ళింటికెళ్ళాను. ప్రేమదాసు పీకేద్దామంటాడు. లూర్దమ్మ ఆ సాళ్ళలోకి మంచం వేయించుకుని, తనని లేపి గానీ మొక్క మీద చెయ్యి వెయ్యనివ్వనని అక్కడే కూర్చుంది.

“నాలుగు సాళ్ళ కోసం పట్టాలు పోగొట్టుకుంటామా? ఊళ్ళో అందరికీ ఉన్నాయిగా ఇంటి సాళ్ళు, ఎవరింటి నుంచో కాసిని కాయలు తెచ్చుకోవచ్చులే,” అన్నాడు ప్రేమదాసు.

“ఎవరింట్లో మిగుల్తయ్యి? ఎవరి సాళ్ళు వాళ్ళకే చాలవు,” అంది కమలక్క. “చిన్నదానికి మొన్న ఒళ్ళంతా దద్దుర్లు. చేలో కాయ కొరికిందంట, అంతే. నేనెట్టా పెట్టను దానికి? నా చేత్తో ఎట్టా వండి పెట్టను?” ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హోర్డింగు మీద తప్ప ఇంకెక్కడా ఈ మధ్య ఆవిడ నవ్వడం చూడలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. “అక్కా, నేనొకటి చెబుతా విను. మార్చిలో వస్తారుగా. వచ్చినప్పుడు ఆ కళ్ళం కాయతోనే వండి వాళ్ళకి పెట్టు. అన్నీ దాంతోనే చెయ్యి. దాంతోనే చేశానని మొహం మీదే చెప్పు. తింటారేమో చూద్దాం. ఇంటివాళ్ళు ఏం తింటారో, బయటివాళ్ళకి ఏం పెడతారో తెలిసొస్తుంది!”

కమలక్క నా వంక అదోలా చూసింది. ఏదో అనబోయి ఆగింది. కన్నీళ్ళ వల్ల అనుకున్నాను.

“అట్టాగేలే నాసరూ,” అంది.

మార్చిలో వచ్చారు. ఆత్రేయ గారు, భవానీప్రసాద్, విజయవాడ నుంచి ఓ ఫొటోగ్రాఫరు. సాళ్ళు పీకుతున్న ఫొటో, అధికారులూ రైతులూ కలిసి భోంచేస్తున్న ఫొటో రెండూ నివేదికలో పెట్టాలట. ముందు భోజనాలే అంది కమలక్క. పందిట్లో చాపలు పరిచి కంచాలు పెట్టింది. కోడికూర, పప్పుచారు, పండుమిరప పచ్చడి. వెనకటిలాగే ఎర్రగా, నిగనిగలాడుతూ, ఘుమఘుమలాడుతూ ఉన్నాయి. ఆత్రేయ గారు చెయ్యి కడుక్కుని, ఆ పచ్చడి చూసి కూర్చుంటూనే అన్నంలో చెయ్యి పెట్టాడు.

“మీరు చెప్పినట్టే చేసానండీ,” అంది కమలక్క. “పచ్చడి, కూరలో కారం, ఆఖరికి చారులో పోపు మిరపకాయ కూడా చేలోదే వేసా. ఇక నుంచి మేం తినేదీ ఇదే. తినండి.”

అన్నంలో ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

భవానీప్రసాద్ ఆయన వంక చూశాడు. ఆయన ఫొటోగ్రాఫరు వంక చూశాడు. ఫొటోగ్రాఫరు కెమెరా కంటికానించుకున్నాడు, ఆ వంకన కంచం ముందు కూర్చోక్కర్లేకుండా.

“నాకు ఈ మధ్య కడుపులో మంటగా ఉంటోంది,” అన్నాడు భవానీప్రసాద్.

“నాకు ఇవాళ ఉపవాసం. శనివారం కదా,” అన్నాడు ఆత్రేయ గారు.

“ఇవాళ గురువారం సార్,” అన్నాడు ఫొటోగ్రాఫరు.

“గురువారం కూడా.”

నిజం తప్ప ఇంకోటి అడగని మనిషి ఆడిన అబద్ధం అది. ఆడాక ఆయన చెవులు పండుమిరపల్లా ఎర్రబడ్డాయి. నేను పందిరి గుంజకి ఆనుకుని, జీపులో పోసే డీజిలుకి పది రెట్లు ఆనందం అక్కడ పొందుతున్నాను.

“పోనీ ఫొటో వరకూ అయినా...” అని నసిగాడు భవానీప్రసాద్. ఇద్దరూ ముద్ద కలిపారు. నోటిదాకా ఎత్తారు, నవ్వారు. కెమెరా క్లిక్కుమంది. ముద్దలు మళ్ళీ కంచాల్లోకి దిగిపోయాయి. ఇద్దరూ వేళ్ళు కంచం అంచుకి తుడుచుకున్నారు.

కమలక్క వాళ్ళ ఎదురుగా చాప మీద కూర్చుంది. “సార్, మా పిల్లల్ని పిలుస్తానండీ. వాళ్ళకీ ఇదే పెడతా. మీరు ఒక్క ముద్ద, నా కళ్ళ ముందు మింగండి. మింగితే ఆ సాళ్ళు నా చేత్తో నేనే పీకేస్తా. మా అత్తని కూడా నేనే లేపుతా.”

ఆత్రేయ గారు లేచి, నీళ్ళగాబు దగ్గరికెళ్ళి, చెయ్యి ఒకసారి కాదు, సబ్బు అడిగి మరీ కడుక్కున్నాడు. కడుక్కుని, ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు.

“ఆ సాళ్ళు ఉండనివ్వండి.”

భవానీప్రసాద్ కంగారుపడ్డాడు. “మరి హోర్డింగు సార్?”

“వీటిని పోలిక కోసం ఉంచిన నమూనా సాళ్ళు అని రాసుకుందాం.”

“భేషుగ్గా ఉంటుంది సార్. హోర్డింగులో ‘మేం తినే’ తీసేసి ‘మేం పండించే’ అని రాయిస్తాను. మేం పండించే మిరపే మీరు తినండి. అక్షరం అబద్ధం ఉండదు. కంచం మీద రంగేయించి, ఆవిడ చేతిలో ఓ పూలగుత్తి పెట్టిస్తా.”

అలా నిజం గెలిచింది. చేలో మందు చేలోనే ఉంది, బస్తాలోది బస్తాలోనే ఉంది, ఏసీ ఏసీలాగే నడుస్తోంది, ప్రకటన మాత్రం నిజమైంది. ఇద్దరూ నమూనా సాళ్ళని ఫొటో తీయించడానికి బోరు దగ్గరికి వెళ్ళారు. లూర్దమ్మ మంచం దిగకుండానే ఫొటోకి సర్దుకుని కూర్చుంది.

నాకు ఆకలి దంచేస్తోంది. అక్క గెలిచింది, నా సలహా పారింది. ఎవరూ ముట్టని ఓ కంచం ముందు కూర్చుని పచ్చడి కలుపుకున్నాను. ముద్ద ఎత్తేలోగా కమలక్క పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“నువ్వొద్దు నాసరూ! అది చేలోది!”

“తెలుసులే అక్కా. ఒక్క పూటకి...” అన్నాను నవ్వుతూ.

అని ఆగిపోయాను. ఒక్క పూట. మరి మిగతా పూటలు?

“అక్కా, మా ఇంటికి ఏటా ఇచ్చే కాయ?”

ఆవిడ నా చెయ్యి వదిలేసింది. తల దించుకుంది. ప్రేమదాసు పందిట్లోంచి లేచి అవతలికెళ్ళాడు. బస్తా. నాలుగు సాళ్ళలో బస్తా ఎలా వస్తుంది? ఎవరి సాళ్ళు వాళ్ళకే చాలవని నా ఎదురుగానే అంది కదా. నాకు సేద్యం తెలీదు నిజమే, కూడిక కూడా తెలీకుండా పోయిందా?

“నీకని మంచిగా ఎర్రటివే ఏరి పోసేవాళ్ళం నాసరూ,” అంది చివరికి, చాలా మెల్లగా.

రంగుకి ఏం కొడతారో ప్రేమదాసు మొన్ననే ఆ మంచం దగ్గర నిలబడి చెప్పాడు.

చీరలు చూసి జీపు చాటున నవ్వుకున్నానే, ఆ చీరల కిందివాణ్ణనుకున్నాను నేను. అక్కా, బావా, పెద్దమ్మా అని పిలిచినంత మాత్రాన చీర మన మీద కూడా కప్పుతారనుకున్నాను. చిల్లకల్లు దగ్గర హోర్డింగు చూసి నమ్మేవాడు వెర్రివాడని ఇన్నాళ్ళూ నవ్వాను. ఆ హోర్డింగు లేకుండానే నమ్మినవాణ్ణి నేను. నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. అరవాలనిపించింది. అరిస్తే ఏడుపొచ్చేట్టుంది.

చెయ్యి పెట్టిన కంచం దగ్గరకి లాక్కుని తినడం మొదలుపెట్టాను. పచ్చడి తిన్నాను. కోడికూర తిన్నాను. చారు పోసుకుని జుర్రాను. ఇంత కాలం తిన్నదే, ఇవాళ కొత్తగా ఏం మానతాను? కమలక్క ఎదురుగా నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఈసారి నవ్వడానికి కాదు.

“ఎట్టా ఉంది?” అని అడిగింది, అడక్కూడనిది అడిగినట్టు.

“బాగుందక్కా.”

నిజంగానే బాగుంది. మా ఇంట్లో కూడా ఇదే రుచి.

నేను చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఆవిడ ఓ మూట పట్టుకొచ్చింది. సాళ్ళ మీద కప్పే పాత చీరల్లో ఒక దాన్ని చింపి కట్టిన మూట. అందులో పొట్టిగా, వంకరగా ఉన్న నాటుకాయ. ఆ ఏడు ఇంటి సాళ్ళలో ఎండిన దాంట్లో సగానికి సగం ఉంటుంది. “షాజాదికివ్వు,” అంది. వద్దనలేదు నేను. వద్దనేంత గొప్పవాణ్ణి కాదు, అంత శాంతంగానూ లేను. తీసుకెళ్ళి జీపులో నా పక్క సీట్లో, ఎప్పుడూ ఆత్రేయ గారు కూర్చునే చోట పెట్టాను. ఆయన వచ్చి చూసి, వెనక సీట్లో భవానీప్రసాద్‌కీ ఫొటోగ్రాఫరుకీ మధ్య ఇరుక్కున్నాడు.

వత్సవాయి దాటేసరికి మూటలోంచి ఘాటు జీపంతా నిండింది. భవానీప్రసాద్ తుమ్మాడు. హైవే దగ్గర పడుతుండగా ఆత్రేయ గారు ముందుకు వంగాడు.

“నాసర్, అది ఆ... నమూనా సాళ్ళదేనా?”

“ఇంటి సాళ్ళదండీ.”

గొంతు తగ్గించి అన్నాడు. “ఏమనుకోకు. అందులోంచి నాకు ఓ కేజీ... మా పాప పచ్చడి తప్ప ఇంకోటి తినదు. మా ఇంట్లో వాడేది మరి, బజారుదే.”

ఆ గొంతులో అధికారం లేదు. మొదటిసారి ఆయన మీద జాలేసింది. అయినా నా కోపం ఆ జాలి కంటే పెద్దది.

చిల్లకల్లు అడ్డరోడ్డు రాగానే హోర్డింగు కింద జీపు ఆపేసి, ఇంజను కట్టేశాను. దాన్నింకా మార్చలేదు. మా కమలక్క ఎర్రచీరలో, ఆకాశమంత మొహంతో, నలుగురి మీదికీ కంచం చాపి నవ్వుతోంది.

“అక్కడ అడగండి సార్,” అన్నాను. “ఆవిడ తినేదే మీకూ పెడుతుంది.”